బ్యాటరీ ఎంతసేపు నిలుచును? లెక్క కట్టు విధము

మన సహకార సంఘముల కార్యాలయములలోను, కొనుగోలు కేంద్రములలోను, కొంచెము స్తోమతు గల రైతుల యిండ్లలోను నేడు ఇన్వర్టరును దాని ప్రక్క నొక బ్యాటరీయు లేని చోటు అరుదు. వాటిని కొన్నవారు పెక్కురు. కరెంటు పోయిన పిమ్మట అవి ఎంతసేపు పనిచేయునో ముందుగా లెక్కకట్టి చెప్పగలవారు మాత్రము కొద్దిమంది. అమ్మినవాడు చెప్పిన మాటయే మనకు లెక్కగా నున్నది. ఆ మాటను నమ్మి మేము పడిన యిక్కట్టును ముందు చెప్పి, పిదప లెక్కలోనికి పోయెదను.

రెండేండ్ల క్రిందట యాసంగి వడ్లు కేంద్రమునకు వచ్చుచున్న దినములు. ఒకనాటి సాయంకాలము ఈదురుగాలి లేచి, ఉరుములతో చినుకులు మొదలై, కరెంటు పోయినది. కుప్పలు పోసికొని దినములకొలది కాచుకొనియున్న రైతులు ఆ రాత్రియే కాంటా ముగించి బస్తాలను లారీ కెక్కింపవలెనని పట్టుపట్టిరి. వారి తొందర న్యాయమైనదే. తేమ నూటికి 17 పాళ్లు మించిన వడ్లను కొనరు. తడిసిన కుప్పను మరల నెండబెట్టుటకు దినములు పట్టును. ఆలోగా మరియొక వాన రాదని ఎవరు చెప్పగలరు? ఒక వృద్ధ రైతు నా యొద్దకు వచ్చి, "ఏం బిడ్డా, ఈ డబ్బా కాంటా అయ్యేదాక ఆగుతదా?" అని యడిగెను. "ఐదారు గంటలు ఢోకా లేదు, పెదబాపూ" అని నేను ధైర్యము చెప్పితిని. సరిగా రెండుంబావు గంటలకు ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయెను. దీపములు ఆరినవి. కంప్యూటరు ఆగినది. కాంటా లోపల సొంతముగా నొక చిన్న బ్యాటరీ యుండునుగాని, అది యెప్పుడు చచ్చినదో మాలో నెవరును చూచియుండలేదు. అరువదికి పైగా బస్తాలు తూకము కాకయే నిలిచిపోయినవి. అర్ధరాత్రి కురిసిన వానకు టార్పాలిను అంచుల క్రిందుగా నీరు ప్రాకి అడుగు వరుస తడిసిపోయెను. ఆ పెదబాపు మరునాడు నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఇన్వర్టరులో దోషము లేదు, బ్యాటరీలోను దోషము లేదు. లోపమంతయు నా లెక్కలోనే యున్నది. ఆ లెక్క యిది.

అయితే రామగుండమువంటి విద్యుత్కేంద్రమును చెంత నుంచుకొని బ్యాటరీల గొడవ మనకేల యని కొందరడుగుదురు. రామగుండములోని ఎన్.టి.పి.సి. తాప విద్యుత్కేంద్రపు శక్తి 2600 మెగావాట్లు. పూర్వపు కరీంనగరము జిల్లాలోని సిరిసిల్లలో గ్రామములకు కరెంటు నందించుటకే 1970లో నొక సహకార సంఘము పని మొదలుపెట్టినది. మన రాష్ట్రమున సహకార పద్ధతిని విద్యుత్తు పంచుట అక్కడనే చూడగలము. 2018 జనవరి 1వ తేదీ మొదలు రాష్ట్రమంతట వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభించిరి. ఇవన్నియు నిజమే. కాని గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగమీద పడినప్పుడు రామగుండము మనకు పది కోసుల దూరమున నున్నను వేయి కోసుల దూరమున నున్నను ఒకటియే. 2022 జూలైలో కడెం జలాశయమునకు పట్టరాని వరద వచ్చి, దిగువ గ్రామములను ఖాళీ చేయించిన రాత్రులను నిర్మల ప్రాంతమువారు మరచియుండరు. అట్టి రాత్రులలో సెల్‌ఫోనులో మిగిలియున్న ప్రాణమునకు ఎంత విలువ గలదో వారే చెప్పవలెను.

ఇక అంకెలు. ఇన్వర్టరుమీద 850 వీ.ఏ. యనియో 900 వీ.ఏ. యనియో వ్రాసియుండును. దీనినిబట్టి కాలమును అంచనా వేయువారు కలరు, అది పొరపాటు. ఆ యంకె, బండి ఒక్కసారిగా నెంత బరువు మోయగలదో చెప్పునట్టిది. బండి యెంతదూరము పోవునో దానివలన తెలియదు. బ్యాటరీమీద 12 వోల్టులు, 150 ఆంపియరు-గంటలు అని యుండును. కాలమును నిర్ణయించునది యిదియే. ఇది గుమ్మిలో నెన్ని గింజలున్నవో చెప్పు అంకె. ఈ రెండింటిని హెచ్చించినచో 1800 వాటు-గంటలగును. మనము బిల్లు కట్టు యూనిటు 1000 వాటు-గంటలు గనుక, ఇద్దరు మనుష్యులు ఆపసోపములు పడి మోయవలసిన ఆ బ్యాటరీలో, క్రొత్తదై నిండుగా నున్నప్పుడైనను, రెండు యూనిట్ల కరెంటైనను లేదన్నమాట. ఈ సంగతి తెలిసినవెంటనే మన యాశలు సగము తగ్గవలెను.

ఆ రాత్రి మా కేంద్రమున నడచుచుండిన వస్తువులు ఇవి:

కంప్యూటరు, దాని తెర: 110 వాట్లు
ఫ్యానులు రెండు, ఒక్కొక్కటి 75 చొప్పున: 150 వాట్లు
దీపములు నాలుగు, ఒక్కొక్కటి 9 చొప్పున: 36 వాట్లు
కాంటా: 12 వాట్లు
ఇంటర్నెట్టు డబ్బా: 12 వాట్లు
మొత్తము: 320 వాట్లు

నేను మనసులో వేసికొన్న లెక్క 1800ని 320తో భాగించుట. ఐదున్నర గంటలు దాటి వచ్చును. పెదబాపుతో నేను చెప్పినది ఈ లెక్కయే. ఇందులో విడిచిపెట్టినవి మూడు సంగతులు. మూడును మనకు ప్రతికూలమైనవే.

మొదటిది ఇన్వర్టరు తీసికొను కూలి. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటును ఇంటి దీపములకు తగిన 230 వోల్టుల కరెంటుగా మార్చుటలో కొంత వేడియై పోవును. వడ్లు దంపించిన తవుడు పోయినట్లే. సామాన్యపు ఇన్వర్టరులలో ఐదింట నొక వంతు పోవునని పట్టుకొనుట క్షేమము. కావున 320 వాట్లు మనకు దక్కవలెనన్న బ్యాటరీనుండి 400 వాట్లు తీయవలెను. 400ని 12తో భాగింపగా 33 ఆంపియరులు. బ్యాటరీమీద పడు అసలు బరువిది.

రెండవది బ్యాటరీ వయస్సు. మాది అప్పటికి మూడేండ్లు దాటినది. సీసపు బ్యాటరీ ఏటేట నీరసించును. మూడు నాలుగేండ్లదైనచో, బాగుగా చూచికొన్నను, ముప్పాతిక వంతు మిగిలియున్నదని లెక్కించుట మేలు. డిస్టిల్డు నీరు పోయక పలకలు బయటపడనిచ్చినవారికి అంతయు మిగులదు. 150లో ముప్పాతిక 112 ఆంపియరు-గంటలు. దీనిని 33తో భాగింపగా మూడు గంటలు దాటి వచ్చును. కాని మాకు అంతసేపైనను నిలువలేదు. దానికి కారణము మూడవ సంగతి. సంగతులలో నెల్ల ముఖ్యమైనదియు, అమ్మువారు సామాన్యముగా చెప్పనిదియు ఇదియే.

మన వ్యవసాయపు బావిని తలచుకొనుడు. మోట తోలిన దినములలో ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు మెల్లగా నీరు తోడుచున్నను బావి ఎండెడిది కాదు. ఊట వచ్చి చేరుచుండెడిది. అదే బావికి పెద్ద మోటారు పెట్టి వేగముగా లాగినచో గంటకే ఫుట్‌వాల్వు తేలి గాలి పీల్చును. బావిలో నీరు లేక కాదు. ఊట అంత వేగముగా రాలేక. మోటారు ఆపి కొంతసేపైన పిదప చూచిన మరల నీరు కనబడును. బ్యాటరీయు అట్టిదే. లోపలి ద్రావకము సీసపు పలకల రంధ్రములలోనికి మెల్లమెల్లగా ఊరవలెను. మెల్లగా వాడిన వ్రాసియున్నంతయు దక్కును. తొందరగా లాగిన చాల భాగము లోపలనే యుండగా వోల్టేజి పడిపోయి ఇన్వర్టరు ఆగును. ఆగిన ఇన్వర్టరు అరగంట తరువాత మరల పదినిమిషములు పనిచేయుట మీరును చూచియుందురు. అది ఊరిన ఊట. ప్లాంటే యను ఫ్రెంచివాడు 1859లో ఈ సీసపు బ్యాటరీని కనిపెట్టెను. లాగు వేగమునుబట్టి అది యిచ్చు కరెంటు ఎట్లు తగ్గునో 1897లో ప్యూకర్టు అను జర్మను పండితుడు లెక్కగా కట్టెను.

ఆ పండితుని సూత్రము మనకు అక్కరలేదు. ఈ క్రింది అంచనా చాలును. ఇండ్లలో వాడు గొట్టపు పలకల బ్యాటరీమీద వ్రాసిన అంకె, సామాన్యముగా ఇరువది గంటలపాటు మెల్లగా వాడినప్పటిది. 150 ఆంపియరు-గంటలనగా ఏడున్నర ఆంపియరుల చొప్పున ఇరువది గంటలు. పది గంటలలో ఖాళీ చేసిన నూటికి 85 మొదలు 90 పాళ్లు దక్కును. ఐదు గంటలలోనైన సుమారు ముప్పాతిక. మూడు గంటలలోనైన మూడింట రెండు వంతులు. ఒక్క గంటలోనైన సగమునకు కొంచెమెచ్చుతగ్గు. తయారీదారులనుబట్టి ఈ పాళ్లు కొంత మారునుగాని, మన పనికి ఇవి చాలును. సౌరపలకలతో వాడు బ్యాటరీలపై వ్రాయు అంకె పది గంటలదిగా నుండుట కలదు. కొనునప్పుడు అది ఇరువది గంటల అంకెయో పది గంటల అంకెయో అడిగి తెలిసికొనవలెను. ఒకే 150 అంకె గల రెండు బ్యాటరీలు ఒకే సత్తువ గలవి కానేరవు.

ఇప్పుడు మా లెక్క పూర్తి చేయుదము. 112ను 33తో భాగింపగా మూడు గంటల చిల్లర వచ్చినది గనుక మూడు గంటల పాలు పట్టవలెను. 112లో మూడింట రెండు వంతులు 75. దానిని 33తో భాగింపగా రెండుంబావు గంటలు. ఆ రాత్రి గడియారము చూపిన కాలమిదియే. ముందుగా పది నిమిషములు కాగితముమీద పెట్టియుండిన, కరెంటు పోయిన క్షణముననే నేను ఫ్యానులను కట్టివేసియుందును.

ఎందుకనగా ఫ్యానులు లేనిచో బరువు 170 వాట్లు మాత్రమే. ఇన్వర్టరు కూలితో 212. ఆంపియరులు 18కి లోపల. 112ను 18తో భాగింపగా ఆరు గంటలు దాటును గనుక ముప్పాతిక పాలు పట్టవచ్చును, అనగా 84. దానిని 18తో భాగింపగా నాలుగున్నర గంటలు దాటును. ఇది జాగ్రత్తగా చూడదగినది. బరువు సగమునకు తగ్గలేదు. కాలము రెండింతలకు మించినది. ఊట బావి రైతుకు చేసిన మేలే యిది. అరువది బస్తాలను తూచుటకు ఇంకొక గంటయున్న చాలియుండెడిది. ఆ రాత్రి చల్లని గాలి వీచుచుండగా తిరిగిన రెండు ఫ్యానుల వెల, తడిసిన ఆ అడుగు వరుస. ఇప్పుడు 30 వాట్లకే తిరుగు క్రొత్తరకపు ఫ్యానులు వచ్చినవి. సంఘమువారు రెండవ బ్యాటరీ కొనుటకు తీర్మానము చేయబోవుటకు ముందు ఫ్యానుల మార్పుకు తీర్మానము చేయుట మంచిదని నా యభిప్రాయము. పాత ఫ్యానులే వేసవిలో విడువక తిరుగవలసినచోట దీనివలన గంటకు పైగా కాలము కలిసివచ్చును.

బరువు మరీ తక్కువైనప్పుడు ఈ లెక్క మరియొక విధముగా తప్పును. ఒక్క 9 వాట్ల దీపమే వెలిగించినను, ఇన్వర్టరు తాను మేలుకొనియుండుటకే పదిపదిహేను వాట్లు తినుచుండును. పదిహేను అనుకొన్న మొత్తము 24 వాట్లు; 2 ఆంపియరులు; మా పాత బ్యాటరీమీద ఏబదియారు గంటలు. దీపము నొక్కదానినే లెక్కించువాడు ఇంతకు రెండింతలకు పైగా ఆశించి మోసపోవును. ఉట్నూరు, సిర్పూరు ప్రాంతపు గూడెములలో వాడదగిన చిన్న సౌరదీపములకు ఈ కూలి లేదు. బ్యాటరీ కరెంటుతోనే దీపము నేరుగా వెలుగును. 40 ఆంపియరు-గంటల బ్యాటరీతో 5 వాట్ల దీపములు రెండు వెలిగించిన, సగము బ్యాటరీ మాత్రమే వాడుకొన్నను ఇరువదినాలుగు గంటలు. రాత్రికి ఐదు గంటల చొప్పున నాలుగైదు రాత్రులు, ఎండ కాయకున్నను.

ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపువారికి ప్రత్యేకముగా నొక మాట. బ్యాటరీమీది అంకె మన దేశమున 27 డిగ్రీల వేడిమికి చెప్పినది. అక్కడి పుష్యమాసపు రాత్రులలో చలి పది డిగ్రీలకు లోపలికి దిగుట కద్దు. అప్పుడు బ్యాటరీ సత్తువలో పదింట నొక వంతు, ఒక్కొక్కప్పుడింకను ఎక్కువ, తగ్గును. వేడి తగులగానే అది తిరిగి వచ్చునుగాన భయము లేదు. వేసవి చేయు హాని దీనికి భిన్నమైనది. రామగుండము, మంచిర్యాల బొగ్గు గనుల ప్రాంతమున రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి వేడిలో బ్యాటరీ ఆ పూట బాగుగనే పనిచేసినట్లు కనబడును; కాని ఎల్లప్పుడును పది డిగ్రీల అధిక వేడిలో నుంచిన దాని యాయువు సగమగును. రేకుల కప్పు క్రింద పడమటి గోడకానించి పెట్టినవారు తరచుగా క్రొత్తవి కొనుచుండుటకు కారణమిది. నీడయు గాలియు గల చోట నుంచవలెను. నిండుచున్నప్పుడు దానినుండి మండెడి వాయువు పుట్టును గనుక ఆ దాపున బీడీ ముట్టించుట తగదు.

గాలివాన రెండవ రాత్రియు వచ్చినచో లెక్క మొదటి రాత్రివలె నుండదు. మా బ్యాటరీ మొదటి రాత్రి 75 ఆంపియరు-గంటలు ఇచ్చినది. తీసిన దానికన్న ఐదవ వంతు అధికముగా పోసినగాని నిండదు, అనగా 90. ఇన్వర్టరు గంటకు 15 చొప్పున పోయునదైన ఆరు గంటలు; చివరి భాగము మెల్లగా నిండును గనుక ఎనిమిది గంటలు పట్టునని పట్టుకొనవలెను. పగలు మూడు గంటలే కరెంటు వచ్చిన, చేరినది 45. అందులో మరల దక్కునది 38కి మించదు. ఆ రాత్రి ఫ్యానులతో కూడ నడపిన గంటకు కొంచెము పైన నిలుచును. ఖాళీయైన సీసపు బ్యాటరీని దినములకొలది అట్లే విడిచిన పలకలమీద తెల్లని ఉప్పు గట్టిపడి, తరువాత నెంత కరెంటు పోసినను లోనికి దిగదు. కరెంటు వచ్చినవెంటనే నింపుటయు, నిత్యము సగమునకు మించి ఖాళీ చేయకుండుటయు ఆయువును నిలుపును. లిథియము బ్యాటరీలు వేగముగా లాగినను ఇంచుమించు వ్రాసినంతయు నిచ్చును, బరువును తక్కువ, వెల యెక్కువ. అవి చివరివరకు నిబ్బరముగా వెలిగి ఒక్కసారిగా ఆగిపోవును గనుక కాలమును గడియారముతో చూచుకొనుట వాటికి మరింత అవసరము.

బోరు మోటారును బ్యాటరీమీద నడుపవచ్చునా యని అడిగినవారు పలువురు గలరు. ఐదు గుఱ్ఱముల మోటారు గంటకు ఇంచుమించు ఐదు యూనిట్లు త్రాగును. ఒక్క గంటలో ఖాళీ చేసిన 150 ఆంపియరు-గంటల బ్యాటరీ క్రొత్తదైనను సగమే యిచ్చును, అనగా 0.9 యూనిటు. ఇన్వర్టరు కూలి పోగా 0.72. ఒక్క గంట నీటికి ఏడు క్రొత్త బ్యాటరీలు! దీనిని గూర్చి ఆలోచింపకుండుటయే లాభము. పొలమునకు నిల్వ చేయవలసినది కరెంటు కాదు, నీరు. సౌరపంపులు బ్యాటరీ లేకయే ఎండ యున్నంతసేపు తొట్టి నింపుట అందుకే. పాలను చల్లబరచు పెద్ద యంత్రములకును ఇట్లే. అక్కడ జనరేటరు ఉండవలసినదే.

కాగితపు లెక్క యెంత బాగున్నను దానిని సంవత్సరమునకు రెండుమార్లు నిజముతో సరిచూడవలెను. యాసంగి కోతలకు ముందొకసారి, మృగశిర కార్తెకు ముందొకసారి అని మేము పెట్టుకొంటిమి. ముందునాడు నీరు చూచి, రాత్రియంతయు నింపి, ఉదయము ఇన్వర్టరుకు వచ్చు కరెంటును ఆపి, ఆపత్కాలమున వాడదలచిన వస్తువులను మాత్రమే వేసి, గడియారము చూచి వ్రాసికొనవలెను. అరగంట కొకసారి మీటరుతో వోల్టేజి చూడవలెను. 10.5 వోల్టులకు దిగకముందే ఆపి, వెంటనే నింపుట మొదలుపెట్టవలెను. వచ్చిన కాలము పోయిన పరీక్షకన్న మిక్కిలి తగ్గినచో ఏదో యొక గది చెడుచున్నదన్నమాట. అప్పుడు హైడ్రోమీటరుతో ఆరు గదులను వేరువేరుగా చూడవలెను. ఐదు గదులలో ద్రావకము 1.240 చుట్టుపట్ల నుండి ఒకటి మాత్రము బాగుగా తక్కువైయున్న, బ్యాటరీ అంతయు ఆ యొక్క గది చెప్పినట్లే నడచును.

ఈ సంవత్సరము మా పరీక్షలో ఫ్యానులు లేక నాలుగు గంటల పది నిమిషములు వచ్చినది. లెక్క చెప్పినదానికన్న కొంచెము తక్కువ. బ్యాటరీకి వయస్సు మీరుచున్నది. ఆ యంకెను ఇన్వర్టరు పైనున్న గోడమీద సుద్దతో వ్రాసితిమి. దాని క్రింద, కరెంటు పోగానే మొదట నేమి కట్టివేయవలెనో వరుసగా వ్రాసితిమి: ఫ్యానులు, పిదప లోపలి గది దీపములు, పిదప చీటీలు వ్రాయుట ముగియగానే కంప్యూటరు. కాంటా, దానిపైనున్న దీపము, చివరివరకు. కాంటా లోపలి చిన్న బ్యాటరీని కూడ మార్పించితిమి. అది విడిగా నెన్ని గంటలు నిలుచునో రాబోవు పరీక్షలో చూడవలసియున్నది.